ఇంగ్లిష్‌లో గట్టిగా ‘సరే’ అనాలంటే: ఆఫీసుకి ఏ మాట, ఫ్రెండ్స్‌కి ఏ మాట

మన విశాఖపట్నంలో ద్వారకానగర్ వైపు స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలో ఇచ్చే మెటీరియల్ తిరగేస్తే, ‘ఎస్’కి బదులు వాడే మాటలన్నీ ఒకే పేజీలో వరసగా కనిపిస్తుంటాయి. ‘అబ్సల్యూట్లీ’, ‘సర్టెన్లీ’, ‘యూ బెట్’, ‘ఐ కంకర్’, ‘డీల్’, ‘ఫెయిర్ ఎనఫ్’, ‘నోటెడ్’... దేన్ని వాడినా ఒకటే అన్నట్టు. పిల్లలు పాపం బట్టీ పట్టేస్తారు. తర్వాత మధురవాడలో ఉద్యోగంలో చేరతారు, అమెరికా క్లయింట్ ‘శుక్రవారానికి అయిపోతుందా’ అని అడిగితే ‘ఐ కంకర్’ అంటారు, హెచ్‌ఆర్ మేడమ్ డాక్యుమెంట్లు పంపమంటే ‘యూ బెట్’ అంటారు. గ్రామర్ తప్పు ఎక్కడా ఉండదు, వినేవాళ్లకి మాత్రం పంటి కింద రాయి తగిలినట్టు ఉంటుంది.

కాబట్టి ఇక్కడ ఇంకో యాభై మాటల లిస్టు ఇవ్వను. ఉన్నవాటిలో ఏది ఎప్పుడు ఎంచుకోవాలో చెప్తాను, ఎందుకో కూడా చెప్తాను. చాలామంది ‘ఎంత గట్టిగా ఒప్పుకోవాలి’ అని ఆలోచిస్తారు, అది రెండో సంగతి. మొదట చూసుకోవాల్సింది దేనికి ఒప్పుకుంటున్నామన్నది. ఎదుటి మనిషి మన ముందు పెట్టింది ఒక అభిప్రాయమా, ఒక ప్లానా, ఏదైనా పని చేసిపెట్టమన్న రిక్వెస్టా, లేకపోతే ఊరికే సమాచారమా? ఈ నాలుగింటికీ ఇంగ్లిష్‌లో మాటలు వేరు. ఇంకోటి, నాకు బలంగా అనిపించే విషయం: గట్టి ‘ఎస్’ అంటే పెద్ద పెద్ద మాటలు కాదు, దేనికి ఎస్ అంటున్నామో ఆ విషయాన్ని మళ్లీ నోటితో పూర్తిగా చెప్పడం. ఇది ఎందుకంటున్నానో పోర్టు సంగతి దగ్గరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అభిప్రాయానికి ఒప్పుకునేటప్పుడు

‘ఐ అగ్రీ’ ఎక్కడైనా చెల్లుతుంది. ఇంకొంచెం బలం కావాలంటే ‘ఐ కంప్లీట్లీ అగ్రీ’, ‘ఐ ఫుల్లీ అగ్రీ’, ‘ఐ ఎంటైర్లీ అగ్రీ’. ఈ మూడూ మీటింగ్‌కి, మెయిల్‌కి, పరీక్ష పేపర్‌కి అన్నింటికీ పనికొస్తాయి, వాటి మధ్య తేడా వెతుక్కుంటూ కూర్చోకండి. ‘టోటల్లీ అగ్రీ’ అంటే కాస్త కబుర్ల ధోరణి, తెలిసిన టీమ్‌లో ఓకే. ‘స్ట్రాంగ్లీ అగ్రీ’ తప్పేమీ కాదు గానీ అది సర్వే ఫారాల భాష. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు అభిప్రాయాల్ని మెట్లుమెట్లుగా కొలిచే పద్ధతి తెచ్చాడు, ఇప్పుడు మనం ప్రతి ఫీడ్‌బ్యాక్ ఫారంలో టిక్కు పెట్టేది దాని వారసత్వమే. రాతలో పర్లేదు, మాటల్లో అంటే ఫారం నింపుతున్నట్టు వినిపిస్తుంది.

‘ఐ కంకర్’ జడ్జీలు, డాక్టర్లు, లాయర్లు వాడే మాట. ఒక స్పెషలిస్టు చెప్పిన నిర్ధారణని ఇంకో స్పెషలిస్టు చూసి ‘నాదీ అదే అభిప్రాయం’ అనేటప్పుడు అది సరిగ్గా అతుకుతుంది. అంటే మీకూ ఆ విషయంలో తీర్పు చెప్పే అర్హత ఉందని అందులో ఇమిడి ఉంటుంది. చేరిన కొత్తలో సీనియర్ ఆర్కిటెక్ట్ మాటకి ‘ఐ కంకర్’ అంటే బరువు ఎక్కువైపోతుంది. ‘ఐ అగ్రీ’ చాలు.

‘ఐ కుడ్ నాట్ అగ్రీ మోర్’ దగ్గర మనవాళ్లు తడబడతారు. ‘నాట్’ వినగానే ‘ఒప్పుకోవట్లేదేమో’ అని ముఖం చిన్నబుచ్చుకున్నవాళ్లని చూశాను. ఇంతకు మించి ఒప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు అని దాని అర్థం, అంటే పూర్తి సమ్మతి. మాట్లాడేటప్పుడు ‘కుడ్ నాట్’ని కలిపేసి ‘కుడంట్’ అంటారు, ఆ చివరి ‘ంట్’ మింగేస్తే మాత్రం అర్థం తలకిందులు. ఆఫీసులోనూ, ఇంట్లోనూ, ఎక్కడైనా చెల్లే మాట ఇది, కానీ గంట మీటింగ్‌లో ఒకసారి వాడితే దానికి విలువ, మూడుసార్లు వాడితే పొగడ్త.

‘అబ్సల్యూట్లీ’ కూడా అంతే. కాల్‌లో ప్రతి వాక్యానికీ ‘అబ్సల్యూట్లీ, అబ్సల్యూట్లీ’ అంటూ ఉంటే, నిజంగా గట్టిగా ఒప్పుకోవాల్సిన చోట మీ దగ్గర మాట మిగలదు. మామూలు విషయాలకి ‘యా’, ‘రైట్’, ‘ఐ సీ’ అనండి, ముఖ్యమైనదానికి ‘అబ్సల్యూట్లీ’ దాచుకోండి.

మనం రోజూ అనే ‘కరెక్ట్ సర్’ సంగతి కూడా చెప్పాలి. మనలో మనకి అది ఎంత సహజమో! కానీ బయటి దేశం మనిషికి ‘కరెక్ట్’ అంటే టీచర్ నోట్సు దిద్ది మార్కు వేసినట్టు తోస్తుంది. క్లయింట్ తన ఆలోచన చెప్పినప్పుడు ‘దట్స్ రైట్’ గానీ ‘ఎగ్జాక్ట్లీ’ గానీ మేలు. బ్రిటిష్ వాళ్లతో అయితే ‘స్పాట్ ఆన్’ అనండి, సంతోషిస్తారు. అన్నట్టు బ్రిటిష్ వాళ్ల ‘క్వైట్’తో జాగ్రత్త. ‘ఐ క్వైట్ అగ్రీ’ అంటే వాళ్ల లెక్కలో పూర్తిగా ఒప్పుకున్నట్టు, ‘క్వైట్ గుడ్’ అంటే మాత్రం చాలాసార్లు ‘పర్లేదు’ అని. అదే మాట, రెండు బలాలు. పలకడం అలవాటు లేకపోతే మీరు వాడొద్దు, వింటే అర్థం చేసుకోండి, అంతే.

గ్రామర్‌లో మూడే మూడు చూసుకోండి. ‘ఐ యామ్ అగ్రీ’ అనకూడదు, ‘ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యూ’ అనకూడదు, ‘ఐ వెరీ అగ్రీ’ అనకూడదు. ఇక దాని పక్కన వచ్చే చిన్న మాటలు: మనిషితో, అభిప్రాయంతో అయితే ‘అగ్రీ విత్’. షరతుకి, ప్రతిపాదనకి అయితే ‘అగ్రీ టు’. ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికొస్తే ‘అగ్రీ ఆన్’. ‘వి అగ్రీ విత్ యువర్ పేమెంట్ టర్మ్స్’ అని మెయిల్ పెడితే మీ టర్మ్స్ మాకు సబబుగానే ఉన్నాయన్నట్టు కూడా చదువుకోవచ్చు, ‘వి అగ్రీ టు యువర్ పేమెంట్ టర్మ్స్’ అంటే వాటికి కట్టుబడుతున్నాం అని తేటగా ఉంటుంది. డబ్బు ఉన్నచోట ‘టు’ మర్చిపోకండి.

ఫ్రెండ్స్ దగ్గరికొస్తే మాటలు మారిపోతాయి. ‘సో ట్రూ’, ‘హండ్రెడ్ పర్సెంట్’, ‘ఫర్ షూర్’, ‘యూ కెన్ సే దట్ అగైన్’. ఇందులో నాకు బాగా నచ్చేది ‘టెల్ మీ అబౌట్ ఇట్’. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయింది, సముద్రం పక్కనే ఉన్నా ఆకు కదలడం లేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. విదేశం నుంచి వచ్చిన కొలీగ్ ‘ఇట్స్ సో హ్యూమిడ్’ అంటాడు. మీరు ‘టెల్ మీ అబౌట్ ఇట్!’ అంటారు. దాని గురించి వివరించు అని కాదు, ‘నాకు చెప్తావేంటి, నేనూ అదే పడుతున్నా’ అని. వాళ్లు మీతో అలా అన్నప్పుడు వాతావరణం గురించి ఉపన్యాసం మొదలుపెట్టకండి, నవ్వి ఊరుకోండి. ఇది బాధని పంచుకునే మాట, శుభవార్తకి వాడరు. బాస్‌కి, కస్టమర్‌కి అసలే వద్దు.

ఎదుటివాళ్లు ‘ఐ డోంట్ లైక్ ఇట్’ అంటే ‘మీ టూ’ అనకండి. ‘మీ నైదర్’ కబుర్లకి, ‘నైదర్ డూ ఐ’ కొంచెం పద్ధతిగా.

ప్లాన్‌కి సరే అనేటప్పుడు

ఇక్కడ మీరు మాట ఇస్తున్నారు. అభిప్రాయం దగ్గర ‘ఎస్’ అని తర్వాత మనసు మార్చుకోవచ్చు, ఆదివారం పొద్దున్నే కిరండూల్ పాసింజర్‌కి అరకు వెళ్దామంటే ‘ఎస్’ అన్నాక రాకపోతే మిగతావాళ్లు స్టేషన్‌లో నిలబడి మీకోసం చూస్తుంటారు.

గ్రూపులో ‘అరకు, సండే, హూ ఈజ్ కమింగ్?’ అని పడింది. ‘ఐ యామ్ ఇన్’, ‘కౌంట్ మీ ఇన్’ అంటే వస్తున్నా, టికెట్ తీసెయ్ అని. ‘ఐ యామ్ గేమ్’ అంటే ఉత్సాహం ఉంది, సాహసానికి సిద్ధం అని. ‘ఐ యామ్ డౌన్’ అమెరికన్ కుర్రాళ్ల మాట, అర్థం అదే, కానీ మన గ్రూపుల్లో అలా పెడితే జ్వరం వచ్చిందా అని అడుగుతారు, ఎందుకంటే మనకి ‘డౌన్ విత్ ఫీవర్’ అలవాటు. ‘ఐ యామ్ డౌన్ ఫర్ అరకు’ అని పూర్తిగా రాస్తే గొడవ లేదు. ‘సౌండ్స్ గుడ్’ అంటే ప్లాన్ బాగుంది అని, వస్తాననే దాదాపు అర్థం కానీ గట్టి హామీ కాదు. టికెట్లు తీసేవాడు ‘సౌండ్స్ గుడ్’ చూసి డబ్బు కట్టకూడదు, ఇంకోసారి అడగాలి.

‘ఫైన్’, ‘షూర్’, ‘ఫెయిర్ ఎనఫ్’, ఈ మూడింటినీ గట్టి సమ్మతి లిస్టులో పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ‘ఫైన్’ అని ఒక్క మాట, పక్కన ఫుల్‌స్టాప్, చదివేవాళ్లకి అలక కనిపిస్తుంది. ‘షూర్’ గొంతు మీద ఆధారపడుతుంది, నోటితో నవ్వుతూ అంటే బాగుంటుంది, మెసేజ్‌లో ఒంటరిగా పెడితే చల్లారిన కాఫీ. ‘ఫెయిర్ ఎనఫ్’ అంటే ‘నీ వాదనలో న్యాయం ఉంది, నాకు పూర్తిగా నచ్చకపోయినా సరే’ అని, అంటే సగం ఒప్పుకోలు. జీతం బేరంలో హెచ్‌ఆర్ చెప్పిన అంకెకి ‘ఫెయిర్ ఎనఫ్’ అంటే అయిష్టంగా ఒప్పుకున్నట్టే. సంతోషంగా ఉంటే ‘దట్ వర్క్స్ ఫర్ మీ’ అనండి. మీటింగ్ టైముకి, డెడ్‌లైనుకి, రేటుకి అన్నింటికీ సరిపోయే మాట అది, మరీ ఫార్మల్ కాదు, మరీ చనువూ కాదు. మొత్తం మీద ఒక్క మాటే నేర్చుకుంటానంటే దాన్నే నేర్చుకోమంటాను.

మనవాళ్లకి ఇష్టమైన ‘వై నాట్!’ ఉంది కదా. ‘ఎందుకు చెయ్యను, తప్పకుండా చేస్తాను’ అనే ఉత్సాహంతో మనం అంటాం. ఇంగ్లిష్ వాళ్ల చెవికి అది ‘వద్దనడానికి కారణం కనబడట్లేదులే’ అన్నంత నీరసంగా ఉంటుంది. సినిమాకి వెళ్దామంటే పర్లేదు, ‘కెన్ యూ లీడ్ దిస్ ప్రాజెక్ట్?’ అని అడిగినప్పుడు వద్దు. అక్కడ ‘ఐ వుడ్ బి గ్లాడ్ టు లీడ్ ఇట్’ అనండి.

రిక్వెస్టుకి సరే అనేటప్పుడు

‘సర్టెన్లీ’ అంటే హోటల్ రిసెప్షన్‌లోనో, బ్యాంక్ కౌంటర్‌లోనో, కస్టమర్ కాల్‌లోనో సరిగ్గా సరిపోతుంది. ‘బై ఆల్ మీన్స్’ అంటే అనుమతి ఇవ్వడం, ‘నేనొక ప్రశ్న అడగొచ్చా’ అన్నవాళ్లకి బాగుంటుంది, ‘ఫైల్ పంపండి’ అన్నవాళ్లకి అతకదు. ‘నో ప్రాబ్లమ్’ యువతరంలో మామూలే, కానీ పెద్దవాళ్లలో కొందరికి ‘ప్రాబ్లమ్ అని నేనన్నానా’ అనిపిస్తుంది. ‘హ్యాపీ టు’ వాడండి, ‘హ్యాపీ టు హెల్ప్’, ‘హ్యాపీ టు సెండ్ ఇట్’, ఎవరికైనా బాగుంటుంది.

‘ఆఫ్ కోర్స్’ని చాలామంది ‘ఎస్’కి పెద్దన్నయ్య అనుకుంటారు. పని అడిగినవాళ్లకి ‘ఆఫ్ కోర్స్’ అంటే ఆప్యాయంగా ఉంటుంది. సమాచారం అడిగినవాళ్లకి అంటే గుచ్చుకుంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒక టూరిస్టు ‘ఈ బస్సు సింహాచలం వెళ్తుందా’ అని ఇంగ్లిష్‌లో అడిగితే ‘ఆఫ్ కోర్స్’ అన్నామనుకోండి, ‘ఆ మాత్రం తెలీదా’ అన్నట్టే. ‘ఎస్, ఇట్ డజ్’ అంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అంటే ‘నేనిక్కడ కూర్చుంటే మీకు అభ్యంతరమా’ అని. మర్యాదగా ‘ఎస్, ఎస్, ప్లీజ్’ అనేస్తాం. మాట ప్రకారం చూస్తే ‘అభ్యంతరమే’ అన్నట్టు. ‘నాట్ ఎట్ ఆల్’ సరైన జవాబు. కంగారులో ఏది గుర్తు రాకపోయినా ‘గో అహెడ్’ అనండి, దాన్ని ఎవరూ తప్పుగా అర్థం చేసుకోలేరు.

దీనికంటే పెద్దది, లేదు కాదు అని అడిగే ప్రశ్నలు. ‘నువ్వు అన్నం తినలేదా?’ అంటే మనం ‘అవును, తినలేదు’ అంటాం. అడిగినవాళ్ల మాటతో ఏకీభవించి ‘అవును’ అనడం మన పద్ధతి, అందులో తప్పేమీ లేదు. ఇంగ్లిష్‌లో ‘ఎస్’, ‘నో’ అన్నవి ఎదుటివాళ్ల మాటతో కాదు, జరిగినదానితో ముడిపడి ఉంటాయి. తిని ఉంటే ‘ఎస్, ఐ హ్యావ్’, తినకపోతే ‘నో, ఐ హ్యావెంట్’, ప్రశ్న ఎలా అడిగినా సరే. క్లయింట్ ‘సో యూ హ్యావెంట్ రిసీవ్డ్ ది ఫైల్?’ అంటాడు. మనవాడు ‘ఎస్’ అని ఊరుకుంటాడు. అటువైపు ఫైల్ చేరిందనుకుని కాల్ కట్ చేసేస్తారు, ఇటువైపు ఫైల్ వస్తుందని ఎదురుచూస్తుంటారు, సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు.

ఆఫీసులో అయితే ఒక రోజు పోతుంది. ఆసుపత్రిలో అయితే ప్రాణం మీదికొస్తుంది. మన ఊరి నుంచి బయటి దేశాలకి వెళ్లాలని ఓఈటీ (వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) రాస్తున్న నర్సు అమ్మాయిలకి నేను ప్రత్యేకంగా చెప్పేది ఇదే. ‘యూ ఆర్ నాట్ అలర్జిక్ టు పెన్సిలిన్?’ అని మీరు అడిగితే, పేషెంట్ ‘ఎస్’ అంటే దాన్ని ఏ రకంగానూ తీసుకోకండి. అసలు అలా అడగొద్దు. ‘ఆర్ యూ అలర్జిక్ టు పెన్సిలిన్?’ అని సూటిగా అడగండి, వచ్చిన జవాబుని మళ్లీ పూర్తి వాక్యంగా చదివి వినిపించండి.

ఆర్డరు, సమాచారం: అందింది వేరు, ఒప్పుకున్నాను వేరు

పోర్టు ఉన్న ఊరు మనది. 1933లో మొదలైన పోర్టు, పక్కనే తూర్పు నౌకాదళ కేంద్రం, ఇంట్లోనో పక్కింట్లోనో నేవీ మనిషి ఉండని వీధి తక్కువ. ఈ తేడా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. నౌకాదళాల ఇంగ్లిష్‌లో ప్రశ్నకి జవాబు ‘ఎస్’, ఆర్డరుకి జవాబు ‘ఐ ఐ సర్’. అర్థమైంది, అమలు చేస్తాను అని రెండూ అందులోనే ఉన్నాయి. రేడియోలో ‘రోజర్’ అంటే మీ సందేశం పూర్తిగా అందింది అని మాత్రమే. ‘విల్కో’ అంటే అందింది, చెప్పినట్టు చేస్తాను అని. సినిమాల్లో ‘రోజర్’ని ‘సరే సర్’ అన్నట్టు వాడేస్తుంటే మనమూ అదే అనుకుంటాం.

ఓడల వాళ్లది ఇంకా పద్ధతి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక పదబంధాలున్నాయి, మర్చంట్ నేవీకి చదివే మన గాజువాక కుర్రాళ్లు వాటిని చదివి తీరాలి. అందులో నియమం ఇది: ప్రశ్నకి అవును అని చెప్పాలంటే ‘ఎస్’ అని ఆగకూడదు, ‘ఎస్’ అని ఆ విషయాన్ని పూర్తి వాక్యంగా మళ్లీ చెప్పాలి. వేరు వేరు దేశాల నావికులు, వేరు వేరు యాసలు, గరగరలాడే రేడియో, అలాంటి చోట ఉత్త ‘ఎస్’ని ఎవరూ నమ్మరు. లంగరు వేశారా అంటే ‘ఎస్, ఐ యామ్ ఎట్ యాంకర్’. ఒక సూచన ఇస్తే ‘ఐ విల్’ అని మొదలుపెట్టి ఆ సూచననే తిరిగి చెప్పాలి, చెయ్యలేకపోతే ‘ఐ కెనాట్’ అని చెప్పాలి. ఇందులో ‘అబ్సల్యూట్లీ’ లేదు, ‘డెఫినెట్లీ’ లేదు. అయినా ఇంతకంటే గట్టి ఒప్పుకోలు నేను చూడలేదు.

దీన్ని నేరుగా ఆఫీసుకి తెచ్చుకోండి. మేనేజర్ ‘ప్లీజ్ సెండ్ ది రిపోర్ట్ బై ఫోర్’ అని రాస్తే ‘ఓకే’, ‘నోటెడ్’, ‘విల్ డూ’, ‘ఐ విల్ సెండ్ ది రిపోర్ట్ బై ఫోర్’, ఈ నాలుగింటిలో చివరిదే అన్నింటికన్నా బలమైనది, అదీ ఎక్కడా గొంతు పెంచకుండా. ‘నోటెడ్’ అంటే ‘రోజర్’ లాంటిదే, చూశాను అని, చేస్తానని అందులో లేదు. ‘విల్ డూ’ అంటే ‘విల్కో’కి చుట్టం, తెలిసిన బాస్‌కి బాగుంటుంది, మొదటిసారి రాసే పెద్దాయనకి కాస్త పొట్టి.

‘నోటెడ్’ ఎక్కడ అవసరమో కూడా చెప్పాలి. పరవాడ ఫార్మా సిటీలో పనిచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ చివర్లో ఇన్‌స్పెక్టర్లు లోపాలేవైనా చూస్తే ఫామ్ 483లో రాసి ఇస్తారు. ఆ గదిలో ఒక్కో పాయింటు చదువుతుంటే మర్యాద కోసం ‘ఎస్, వి అగ్రీ’ అంటూ పోకూడదు, అది లోపం ఒప్పుకున్నట్టు. ‘వి అండర్‌స్టాండ్’, ‘వి అక్నాలెడ్జ్ ది అబ్జర్వేషన్’ అంటే మీ మాట మాకు చేరింది, జవాబు రాతలో ఇస్తాం అని. నిజంగా లోపమని తేలితే తర్వాత ఇచ్చే జవాబులో నిజాయితీగా ఒప్పుకోవచ్చు, ఆ గదిలో మాత్రం తొందరపడొద్దు.

మెసేజ్‌లకి బొటనవేలు ఎమోజీ పెట్టేవాళ్లకి కూడా ఒక ముక్క. 2023లో కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్ర కోర్టులో ఒక కేసు తేలింది. ధాన్యం కొనే కంపెనీ అవిసె గింజల కాంట్రాక్టు ఫోటో పంపి కన్ఫర్మ్ చెయ్యమంది, రైతు బొటనవేలు ఎమోజీ పెట్టాడు. గింజలు ఇవ్వలేదు. మెసేజ్ అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు రైతు, అది ఒప్పందానికి సమ్మతేనని కోర్టు అంది, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. వాళ్లిద్దరి మధ్య అంతకుముందు కూడా చిన్న చిన్న మెసేజ్‌లతోనే కాంట్రాక్టులు ఖాయమైన అలవాటు ఉందన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన కారణం. మన దగ్గర చట్టం వేరు, కానీ అపార్థం అదే. ఫ్లాట్ అద్దె, సెకండ్‌హ్యాండ్ బండి, క్యాటరింగ్ అడ్వాన్సు లాంటి వాటికి బొటనవేలు వద్దు. ‘రిసీవ్డ్, విల్ చెక్ అండ్ కన్ఫర్మ్’ అని రాయండి, లేకపోతే ‘కన్ఫర్మ్డ్’ అని రాసి అంకె కూడా వెయ్యండి.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు

మొదటి ఉద్యోగం, ఇంట్లో అందరూ సంబరంలో ఉంటారు, అమ్మ అప్పుడే కనకమహాలక్ష్మి గుడికి బయలుదేరుతుంది, అబ్బాయి ఆనందం పట్టలేక ‘ఓ మై గాడ్ ఎస్, థాంక్యూ సో మచ్’ అని మెయిల్ కొట్టేస్తాడు. ఆనందం మంచిదే. ఆ మెయిల్‌కి మాత్రం వేరే మాటలు కావాలి, ఎందుకంటే అక్కడ మీరు చేస్తున్నది ఒప్పందం.

1872 నాటి మన భారత కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం సమ్మతి సంపూర్ణంగా, షరతు లేకుండా ఉండాలి. ‘ఐ యాక్సెప్ట్, బట్ ఐ వాంట్ జాయినింగ్ ఆఫ్టర్ సంక్రాంతి’ అని రాస్తే అది సమ్మతి కాదు, మీరు తిరిగి పెడుతున్న కొత్త ప్రతిపాదన. కంపెనీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అందుకే జాయినింగ్ తేదీ, బాండ్, నోటీస్ పీరియడ్ లాంటివి ఏమైనా మార్చుకోవాలంటే ముందు ఫోన్‌లోనో మెయిల్‌లోనో అడిగి తేల్చుకోండి, కొత్త లెటర్ తెప్పించుకోండి, ఆ తర్వాతే ‘యాక్సెప్ట్’ అన్న మాట వాడండి. మెయిల్‌లో అన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టానికి 2008 సవరణలో చేర్చిన 10ఏ సెక్షన్ చెప్తుంది.

రాయాల్సింది ఇంతే: ‘థాంక్యూ ఫర్ ది ఆఫర్. ఐ యామ్ ప్లీజ్డ్ టు యాక్సెప్ట్ ది పొజిషన్ ఆఫ్’ అని ఉద్యోగం పేరు, ‘ఆన్ ది టర్మ్స్ ఇన్ యువర్ లెటర్ డేటెడ్’ అని లెటర్ తేదీ, ‘ఐ విల్ జాయిన్ ఆన్’ అని చేరే తేదీ. ఓడల వాళ్ల పద్ధతే ఇక్కడా. ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్’ అని రాసి ఊరుకోకండి, అది ఆసక్తి మాత్రమే. ‘హ్యాపీలీ యాక్సెప్టెడ్’ కంటే ‘ప్లీజ్డ్ టు యాక్సెప్ట్’ నిండుగా ఉంటుంది. కంపెనీ సంతకం చేసి పంపమంటే మెయిల్ ఒక్కటే చాలదు, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే పంపాలి, అదీ ఆ 7వ సెక్షన్‌లో ఉన్నదే.

పరీక్షల వాళ్లకి, మీటింగుల వాళ్లకి

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ రెండో టాస్కులో ‘టు వాట్ ఎక్స్‌టెంట్ డూ యూ అగ్రీ ఆర్ డిసగ్రీ’ అని తరచూ వస్తుంది, కనీసం 250 పదాలు రాయాలి. పూర్తిగా ఒప్పుకుంటే ‘ఐ కంప్లీట్లీ అగ్రీ దట్’ అని మొదట్లోనే చెప్పి చివరిదాకా దాని మీదే నిలబడండి. మొదటి పేరాలో ‘కంప్లీట్లీ’ అని, మూడో పేరాలో ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ అంటూ అటువైపుకి జారితే ‘కంప్లీట్లీ’ అబద్ధమైపోతుంది. సగమే ఒప్పుకుంటే ‘ఐ అగ్రీ టు సమ్ ఎక్స్‌టెంట్’ అనడంలో చిన్నతనం ఏమీ లేదు. స్పీకింగ్‌లో అయితే పరీక్ష అన్న టెన్షన్‌తో ‘ఐ వుడ్ లైక్ టు ఎక్స్‌ప్రెస్ మై కంప్లీట్ అగ్రిమెంట్’ లాంటి బరువులు ఎత్తకండి. ‘యా, డెఫినెట్లీ, బికాజ్...’ అని కారణంలోకి వెళ్లిపోండి. ఫ్లూయెన్సీకి మార్కులున్న చోట బట్టీ పట్టిన వాక్యం అడ్డమే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో, సొసైటీల్లో ‘ఐ సెకండ్ దట్’ అనేమాట వింటుంటాం. ఫ్రెండ్స్ మధ్య ‘నాదీ అదే మాట’ అని చనువుగా వాడొచ్చు. మినిట్స్ రాసే మీటింగ్‌లో మాత్రం దానికి పనుంది: ఒకరు తీర్మానం పెడతారు, ఇంకొకరు బలపరుస్తారు, ఆ బలపరిచినవారి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. లిఫ్టు మెయింటెనెన్సు పెంపు నచ్చిందని తల ఊపుతూ ‘సెకండ్’ అన్నారంటే మీ పేరే రాసుకుంటారు, ఉత్త అభిప్రాయమే అయితే ‘ఐ అగ్రీ’ దగ్గర ఆగండి.

చివరిగా ఫోన్ కీబోర్డు సంగతి. ‘డెఫినెట్లీ’ స్పెల్లింగ్ తడబడితే ఆటోకరెక్ట్ దాన్ని ‘డిఫయంట్లీ’గా మార్చేస్తుంది. ‘ఐ విల్ డిఫయంట్లీ అటెండ్’ అంటే ధిక్కరిస్తూ వస్తానని. ఇంటర్వ్యూకి పిలిచిన వాళ్లకి పంపేముందు ఆ ఒక్క పదం కళ్లారా చూసుకోండి. స్పెల్లింగ్ మీద నమ్మకం లేకపోతే ‘ఐ విల్ అటెండ్ ది ఇంటర్వ్యూ ఆన్ మండే ఎట్ టెన్’ అని రాసేయండి.